తెలుగు తారల వాణిజ్య ప్రకటనలు, సామాజిక వైఖరి: గుంటూరు, ప్రకాశం పత్తి–మిరప నేల

పాశ్చాత్య దేశాల్లో పాప్ గాయకులకు దక్కిన స్థానం తెలుగునాట సినిమా కథానాయకులది. సబ్బు నుంచి స్థిరాస్తి దాకా ఏ వస్తువు అమ్మాలన్నా కంపెనీలు వెతుక్కునేది వారినే. ఊరికి కష్టమొచ్చినప్పుడు జనం ఎదురుచూసేదీ వారి మాట కోసమే. ఈ రెండు పాత్రలకూ గుంటూరు, ప్రకాశం జిల్లాలు చాలాకాలంగా సాక్షులు. తెలుగు తెరకు పెద్ద నటులను, ఉద్యమ చిత్రాల దర్శకులను ఇచ్చిన ప్రాంతమిది. పత్తి, మిరప సాగులో అప్పులపాలైన రైతుల ఆత్మహత్యలతో దేశం దృష్టిలో పడిన ప్రాంతం కూడా ఇదే. తారల ప్రకటనలు ఈ నేల మీద ఏం చేశాయి, వారి సామాజిక వైఖరి ఇక్కడి పొలం గట్టు దాకా ఎంతవరకు వచ్చింది అన్నది ఈ వ్యాస విషయం.

నేల, పంట, మార్కెట్

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్లగా మారింది. అప్పుడు పాత ప్రకాశం నుంచి చీరాల, పర్చూరు, అద్దంకి బాపట్లలోకి, కందుకూరు నెల్లూరులోకి వెళ్లాయి. సాగు లెక్కన చూస్తే మాత్రం ఇక్కడ ఉన్నవి రెండే లోకాలు. తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు కృష్ణా కాలువల కింద వరి, పసుపు, అరటి పండే డెల్టా ఒకటి. సత్తెనపల్లి, పెదకూరపాడు, ప్రత్తిపాడు, నరసరావుపేట, వినుకొండ, పర్చూరు, మార్టూరు, దర్శి వైపు నల్లరేగడి మెట్ట రెండోది. పత్తి, మిరప ప్రధానంగా ఈ మెట్ట పంటలు. సాగర్ కుడికాలువ నీరు అందినచోట కొంత ధైర్యం, అందనిచోట బోరు, అదీ లేకపోతే వాన. ఈ తేడాను గుర్తుపెట్టుకుంటేనే తారల వైఖరి గురించి కింద చెప్పే సంగతులు సరిగా అర్థమవుతాయి.

ఆసియాలో అతిపెద్ద మిర్చి మార్కెట్లలో ఒకటిగా పేరున్న గుంటూరు మిర్చియార్డుకు ఫిబ్రవరి నుంచి మే దాకా సరుకు వెల్లువెత్తుతుంది. కల్లంలో ఆరబోసి, తాలు ఏరి, టిక్కీ బస్తాల్లో తొక్కి, రాత్రికి రాత్రి ట్రాక్టర్ల మీద తెచ్చిన కాయలు తెల్లవారేసరికి కమీషన్ ఏజెంట్ల కొట్ల ముందు వరుసగా ఉంటాయి. తేజ, 334, బాడిగ రకాలకు వేర్వేరు ధరలు. ధర నచ్చకపోతే సరుకు శీతల గిడ్డంగికి పోతుంది, దాని మీదే రైతు మళ్లీ అప్పు తెచ్చుకుంటాడు. ఊళ్లో నాలుగు డబ్బులు కనిపించేది ఈ నెలల్లోనే. బంగారు దుకాణాలు, వస్త్ర దుకాణాలు, శీతల పానీయాల హోర్డింగుల మీద తారల ముఖాలు కొత్తగా వెలిసేదీ ఈ ఎండాకాలంలోనే.

తొలి తరం

సినిమా తార ప్రజాజీవితంలోకి రావడం ఇక్కడ కొత్త కాదు. తెనాలి దగ్గరి మోరంపూడిలో పుట్టిన కొంగర జగ్గయ్య ఆకాశవాణి ఢిల్లీ కేంద్రంలో తెలుగు వార్తలు చదివి, నటుడై, 1967లో కాంగ్రెస్ తరఫున ఒంగోలు నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. లోక్‌సభకు నెగ్గిన తొలి సినీ నటుడిగా ఆయన పేరు చెబుతారు. తెనాలిలో పుట్టిన శారద 1996లో తెనాలి నుంచే తెలుగుదేశం తరఫున పార్లమెంటుకు వెళ్లారు. చిర్రావూరు బిడ్డ సావిత్రి దానగుణం ఈ జిల్లాలో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు.

ఈ ముగ్గురూ కృష్ణ ఒడ్డున, కాలువల కింద ఉన్న ఊళ్ల నుంచి వచ్చినవారు. మెట్ట నుంచి వచ్చిన సినిమా స్వరం వేరు. ప్రజానాట్యమండలిలో తయారైన మాదాల రంగారావుది ప్రకాశం జిల్లా. 1980లో 'యువతరం కదిలింది', 1981లో 'ఎర్రమల్లెలు' తీసి, ఎర్రజెండాను తెర మీదికి తెచ్చి, వాటికి జనం చేత టికెట్లు కొనిపించి ఆడించారు. 1983లో 'నేటి భారతం', 1985లో 'ప్రతిఘటన' తీసిన టి. కృష్ణదీ ప్రకాశం జిల్లానే. వీరి పేరు ఏ వస్తువు అమ్మకంతోనూ ముడిపడలేదు. వారి సినిమాయే వారి వైఖరి. నటుడు ఒకవైపు సరుకు అమ్ముతూ మరోవైపు సమాజం గురించి మాట్లాడే పరిస్థితి తర్వాతి తరంలో వచ్చింది.

ప్రకటనల చరిత్ర మాత్రం అంతకంటే పాతది. 1941లో లీలా చిట్నీస్‌తో లక్స్ సబ్బు భారతీయ తారల పరంపర మొదలుపెట్టింది. తర్వాత తెలుగు పత్రికల వెనక అట్టల మీద తెలుగు కథానాయికల బొమ్మలతో ఆ ప్రకటనలు వచ్చేవి. కథానాయకులు ఆ రంగంలోకి పెద్దయెత్తున దిగింది ఆర్థిక సరళీకరణ తర్వాత, ఉపగ్రహ టీవీ ఊరూరా చేరాకే.

బుర్రిపాలెం, మహేష్ బాబు

గుంటూరు నేలతో ముడిపడిన తారల్లో వాణిజ్య ప్రకటనలు, సేవ రెండింటిలోనూ ముందు చెప్పాల్సిన పేరు ఘట్టమనేని మహేష్ బాబు. ఆయన పుట్టింది మద్రాసులో, 1975 ఆగస్టు 9న. తండ్రి కృష్ణ సొంతూరు తెనాలి మండలం బుర్రిపాలెం. కృష్ణ 1976లో రైతు జీవితం మీద 'పాడిపంటలు' తీశారు, 1989లో ఏలూరు నుంచి ఎంపీ అయ్యారు, 2022 నవంబరు 15న కన్నుమూశారు.

2015 ఆగస్టు 7న విడుదలైన 'శ్రీమంతుడు'లో కోటీశ్వరుడి కొడుకు తండ్రి వదిలేసిన ఊరిని దత్తత తీసుకుంటాడు. దర్శకుడు కొరటాల శివది గుంటూరు పక్కన పెదకాకాని. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లో స్మార్ట్ విలేజ్ పేరుతో దత్తత కార్యక్రమం నడుస్తోంది. అప్పటి గుంటూరు ఎంపీ గల్లా జయదేవ్ మహేష్‌కు బావ. ఆయన చొరవతో మహేష్ బుర్రిపాలెం దత్తతను ప్రకటించారు. అప్పటి తెలంగాణ మంత్రి కేటీఆర్ కోరిక మీద పాత మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరు మండలంలోని సిద్ధాపురాన్ని కూడా తీసుకున్నారు. 2016 మేలో బుర్రిపాలెం వచ్చినప్పుడు జనం రోడ్ల మీద నిలబడటానికి చోటులేక మిద్దెలు, చెట్లు ఎక్కి చూశారు.

ఆ తర్వాత ఊళ్లో జరిగిన పనులు కంటికి కనిపించేవే. పాఠశాల భవనం, వీధులు, మురుగు కాలువలు, వైద్య శిబిరాలు. పనుల పర్యవేక్షణ ఎక్కువగా ఆయన భార్య నమ్రత శిరోద్కర్ చూసుకున్నారు. 2021లో కృష్ణ పుట్టినరోజు సందర్భంగా ఊరందరికీ కోవిడ్ టీకా వేయించారు. వీటన్నిటికంటే పెద్ద పని పసిపిల్లల గుండె ఆపరేషన్లది. విజయవాడ ఆంధ్ర హాస్పిటల్స్, బ్రిటన్‌కు చెందిన హీలింగ్ లిటిల్ హార్ట్స్ సంస్థతో కలిసి మొదలైన ఈ కార్యక్రమం తర్వాత మహేష్ బాబు ఫౌండేషన్ కిందికి వచ్చింది. శస్త్రచికిత్సల సంఖ్య వేలల్లోకి చేరింది. పుట్టుకతో గుండెకు రంధ్రం ఉన్న బిడ్డను ఎత్తుకుని పల్లె నుంచి ఆస్పత్రి మెట్లెక్కే తల్లికి ఈ సాయం విలువ ఇంతా అంతా కాదు. తెలుగు తారల సేవాకార్యక్రమాల్లో 1998లో చిరంజీవి పెట్టిన బ్లడ్ బ్యాంకు తర్వాత ఇంత నిలకడగా నడిచినది ఇదే అనాలి.

బ్రాండ్ల వైపు చూస్తే ఆయన జాబితా చాలా పొడవు. థమ్సప్, సంతూర్, ఐడియా, డెన్వర్, అభిబస్, ఫోన్‌పే గొంతు, వస్త్ర దుకాణాలు, నగల దుకాణాలు, స్థిరాస్తి సంస్థలు. ఆయన చేసిన ప్రకటనల్లో రెండింటిపై వివాదం వచ్చింది. 2021లో టైగర్ ష్రాఫ్‌తో కలిసి పాన్ బహార్ ప్రకటనలో కనిపించినప్పుడు అభిమానులే నొచ్చుకున్నారు. అమ్మేది యాలకులైనా, ఆ పేరు వినగానే గుర్తొచ్చేది పాన్ మసాలాయే. రెండోది 2025 ఏప్రిల్‌లో. హైదరాబాద్ స్థిరాస్తి సంస్థ సాయి సూర్య డెవలపర్స్‌పై నడుస్తున్న మనీ లాండరింగ్ దర్యాప్తులో, ఆ సంస్థకు ప్రచారం చేసి అందుకున్న పారితోషికం గురించి వివరాలు చెప్పమని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఆయనకు నోటీసు ఇచ్చింది. ఆయన్ను నిందితుడిగా పిలవలేదు. కానీ ఆ ముఖం చూసి ప్లాటుకు డబ్బు కట్టినవారు వేసిన ప్రశ్న న్యాయమైనదే: సంస్థకు అనుమతులున్నాయో లేవో ప్రకటన ఒప్పుకునే ముందు చూడాల్సింది ఎవరు?

ఇక్కడ ఒక సంగతి చెప్పి తీరాలి. బుర్రిపాలెం డెల్టా ఊరు. కాలువ నీళ్లున్న ఊరు, చదువుకున్నవారు, విదేశాల్లో ఉద్యోగాలు చేసేవారు ఉన్న ఊరు. దానికి పాతిక ముప్పై మైళ్ల అవతల, పత్తి ఎండిన మెట్టలో ఏ పెద్ద తారా ఊరు దత్తత తీసుకోలేదు. సొంతూరిని ప్రేమించడం తప్పు కాదు. కాకపోతే దత్తత సొంతూరి రుణం తీర్చుకునే పద్ధతిగా ఉన్నంతకాలం, తారలెవరూ పుట్టని ఊళ్లకు అది అందదు.

కూల్‌డ్రింకు: ఒకే సీసా, రెండు వాడకాలు

తెలుగు నేలలో తారల ప్రకటనలంటే ముందు గుర్తొచ్చేవి కూల్‌డ్రింకులు. 1977లో పార్లే మొదలుపెట్టిన థమ్సప్ 1993లో కోకాకోలా చేతికి వచ్చింది. ఆంధ్ర దానికి దేశంలోనే గట్టి మార్కెట్. చిరంజీవి, మహేష్ బాబు, విజయ్ దేవరకొండ వేర్వేరు కాలాల్లో దానికి ప్రచారం చేశారు. 2001లో పెప్సీ పవన్ కల్యాణ్‌ను తీసుకుంది. ఆ ఒప్పందాన్ని ఆయన కొనసాగించలేదు.

2003 ఆగస్టులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 12 కూల్‌డ్రింకు బ్రాండ్లను పరీక్షించి లిండేన్, డీడీటీ, మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ అవశేషాలు ఉన్నాయని ప్రకటించింది. శరద్ పవార్ అధ్యక్షతన ఏర్పడిన సంయుక్త పార్లమెంటరీ సంఘం 2004 ఫిబ్రవరిలో ఆ పరీక్షలు సరైనవేనని తేల్చింది. ఢిల్లీవాళ్లకు కొత్తగా వినిపించిన మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ పేర్లు గుంటూరు రైతుకు నోట నానినవి. మందుల కొట్టులో అప్పు ఖాతాలో రాసుండే పేర్లవి.

అదే ఏడాది, 2004 చివర్లో, కథ ఇంకో మలుపు తిరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో కొందరు పత్తి రైతులు, ఛత్తీస్‌గఢ్‌లో కొందరు వరి రైతులు కోక్, పెప్సీలను నీళ్లలో కలిపి చేలమీద పిచికారీ చేస్తున్నారని పత్రికలు రాశాయి. వార్త ప్రపంచమంతా తిరిగింది. కంపెనీలు తమ పానీయంలో పురుగును చంపే గుణమేదీ లేదని చెప్పాయి. శాస్త్రవేత్తలు ఇచ్చిన వివరణ మరొకటి: పానీయంలోని పంచదారకు చీమలు చేరి పురుగు గుడ్లను, పిల్లలను తింటాయి. బెల్లపు నీళ్లు చల్లినా అదే ఫలితం రావచ్చు. ఖర్చు లెక్క మాత్రం రైతుకు బాగా తెలుసు. లీటరు వేలల్లో ఉన్న మందుకు బదులు ఎకరానికి వందల్లో అయిపోయేది. తెర మీద కథానాయకుడు దుమికి పట్టుకున్న సీసా చేలోకి ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలంటే, ఆనాటి పురుగుమందుల ధరలు, కొట్టినా చావని శనగపచ్చ పురుగు, తీరని అప్పు తెలియాలి. ఆ కారణాల మీద ఒక్క ప్రకటనా మాట్లాడలేదు.

విత్తనం సంచి మీద బొమ్మ

రైతు ఏడాదిలో ఎక్కువ డబ్బు పెట్టేది విత్తనం, ఎరువు, పురుగుమందుల మీద. ఆ కంపెనీల ప్రచారంలో తెలుగు కథానాయకులు అరుదు. 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చాక మహికో–మోన్‌శాంటో మహారాష్ట్రలో నానా పాటేకర్‌తో ప్రచారం చేయించింది. విదర్భలో పంట దెబ్బతిన్నప్పుడు ఆ ప్రచారంపై రైతు సంఘాలు గట్టిగా విమర్శించాయి. అదే నానా పాటేకర్ 2015లో మకరంద్ అనాస్‌పురేతో కలిసి నామ్ ఫౌండేషన్ పెట్టి, ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాలకు సాయం చేశారు. ఒకే నటుడి జీవితంలో ప్రకటన, బాధ్యత ఒకదాని తర్వాత ఒకటి ఎలా వచ్చాయో చూపే ఉదాహరణ భారతీయ సినిమాలో ఇంతకంటే స్పష్టంగా మరొకటి లేదు.

గుంటూరు, ప్రకాశం ఊళ్లలో విత్తన కంపెనీలు ఎంచుకున్న తార వేరే ఉంది. పక్క ఊరి పెద్ద రైతు. కరపత్రం మీద గుత్తులు గుత్తులుగా కాసిన మిరప మొక్క పక్కన ఆయన నిలబడి ఉంటాడు, కింద ఊరి పేరు, ఎకరానికి వచ్చిన దిగుబడి, ఫోన్ నంబరు ఉంటాయి. ఆయన చేలో క్షేత్ర ప్రదర్శన పెట్టి చుట్టుపక్కల రైతులను ఆటోల్లో తీసుకొచ్చి భోజనం పెడతారు. మిగతాది మందుల కొట్టు డీలరు నోటిమాట మీద నడుస్తుంది. ఎందుకంటే అరువు ఇచ్చేది ఆయనే. సినిమా తార చెబితే రైతు సబ్బు మార్చవచ్చు. విత్తనం మాత్రం తనలాంటి రైతు చెబితేనే మారుస్తాడు. ఈ సంగతి కంపెనీలకు బాగా తెలుసు. అందుకే నకిలీ విత్తనం, లేబుల్‌లో లేని మందు కలిపిన 'బయో' సీసా వంటి మోసాల్లో పేరున్న తార ఎవరూ బోనులోకి రాలేదు. నష్టపోయిన రైతు నిలదీయగలిగింది పక్క ఊరి రైతునో, తనకు అప్పిచ్చిన డీలరునో.

ఈ నేలకు ఆ నష్టం పాత గాయం. 1987–88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో తెల్లదోమ విరుచుకుపడి పత్తి తుడిచిపెట్టుకుపోయింది. మందు మీద మందు కొట్టిన రైతులు అదే మందు తాగి చనిపోయారు. ఆంధ్రలో పత్తి రైతుల ఆత్మహత్యలు పత్రికల మొదటి పేజీకి ఎక్కింది అప్పుడే. 2021–22లో నల్ల తామర పురుగు మిరప పూతలో చేరి పంటను ఊడ్చేసింది. పీకేసిన తోటలు, తీరని కౌలు బాకీలు మిగిలాయి. జీవ ఉత్ప్రేరకాల పేరుతో అమ్మే సీసాలను కేంద్రం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది 2021లో. అప్పటిదాకా వాటికి గట్టి అదుపు లేదు.

పవన్ కల్యాణ్: చేనేత, కౌలు

నటుడిగా ఉంటూనే పార్టీ పెట్టిన పవన్ కల్యాణ్ సంగతి వేరుగా చూడాలి. 2014 మార్చి 14న జనసేన ప్రకటించాక ఆయన మాట రాజకీయ నాయకుడి మాట. అయినా ఈ ప్రాంతానికి సంబంధించి ఆయన తీసుకున్న రెండు వైఖరులు ప్రకటనల చరిత్రలోనూ చోటు పొందాలి.

మొదటిది చేనేత. 2017 జనవరిలో చేనేతకు పారితోషికం లేకుండా ప్రచారకర్తగా ఉంటానని ప్రకటించారు. ఫిబ్రవరిలో మంగళగిరి వద్ద నేతన్నల సత్యాగ్రహ సభలో పాల్గొన్నారు. పత్తి పండే నేలలోనే మంగళగిరి, చీరాల, పేరాల, వేటపాలెం మగ్గాలున్నాయి. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం సమంతను చేనేత ప్రచారకర్తగా నియమించింది. తార ముఖం పెద్ద దుకాణాలకు, నగల కొట్లకు మాత్రమే అన్న అలవాటును ఈ రెండూ కొంత మార్చాయి. మగ్గం మీది బట్టకు గిరాకీ పెరిగినా నూలు ధర, మర మగ్గాల నకళ్లు అనే అసలు సమస్యలు మిగిలే ఉంటాయి. కానీ చేనేత చీరకు గౌరవం వచ్చింది, అది చిన్న విషయం కాదు.

రెండోది కౌలు రైతు. 2022 ఏప్రిల్‌లో అనంతపురం జిల్లాలో మొదలుపెట్టిన కౌలు రైతు భరోసా యాత్రలో ఆత్మహత్య చేసుకున్న ప్రతి కౌలు రైతు కుటుంబానికీ లక్ష రూపాయలు ఇచ్చారు. సొంత డబ్బు 5 కోట్లు దీనికి కేటాయించినట్టు ప్రకటించారు. జూన్ 19న పర్చూరులో, డిసెంబరు 18న సత్తెనపల్లిలో సభలు జరిగాయి. రెండూ పత్తి, మిరప మెట్ట నడిబొడ్డున ఉన్న ఊళ్లే. ఈ ప్రాంతంలో సాగుచేసేవారిలో కౌలుదారులు చాలామంది. భూయజమాని సంతకం పెట్టకపోతే 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు రాదు. కార్డు లేకపోతే బ్యాంకు రుణం, పంట నష్టపరిహారం, ఆత్మహత్య పరిహారం ఏవీ రావు. యాత్ర రాజకీయ లక్ష్యంతో సాగినదే. అయినా చనిపోయిన కౌలు రైతు భార్య పేరు పిలిచి, వేదిక మీద కూర్చోబెట్టి, ఆమె గోడు మైకులో వినిపించిన సినీ తార ఇక్కడ మరొకరు లేరు. తారల వైఖరుల్లో ఈ నేల అసలు నొప్పికి దగ్గరగా వచ్చినది ఇదేనని నా అంచనా. ఉప ముఖ్యమంత్రి అయిన తర్వాత ఆయన్ను కొలవాల్సింది చెక్కులతో కాదు, కౌలు కార్డులతో.

పొగాకు: పండించవచ్చు, ప్రచారం చేయరాదు

పత్తి, మిరపతోపాటు ఈ జిల్లాల మూడో వాణిజ్య పంట పొగాకు. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం గుంటూరులో ఉంది. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి వేలం కేంద్రాల్లో ఏటా బేళ్లు కదులుతాయి. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం ప్రకటనలను నిషేధించింది. అప్పటి నుంచి కంపెనీలు యాలకులు, సోంపు, సోడా పేర్లతో అదే బ్రాండును తెరమీద ఉంచుతున్నాయి. వీటినే పరోక్ష ప్రకటనలంటారు. 'పుష్ప' విజయం తర్వాత అల్లు అర్జున్ ఒక పొగాకు సంస్థ ప్రకటనను పెద్ద మొత్తం ఇస్తామన్నా వదులుకున్నట్టు వార్తలొచ్చాయి.

2024 జనవరి 12న విడుదలైన 'గుంటూరు కారం'లో మహేష్ బాబు గుంటూరు మిర్చి వ్యాపార నేపథ్యం ఉన్న యువకుడు. విడుదల ముందు సభ గుంటూరు పక్కన నంబూరులో జరిగింది. చిత్రమంతా బీడీ కాలుస్తూ కనిపించిన మహేష్, అవి లవంగ ఆకుతో చేసిన ఆయుర్వేద బీడీలని, తాను పొగ తాగనని, ఎవరినీ తాగమని చెప్పనని తర్వాత ఒక ఇంటర్వ్యూలో వివరించారు. ఆ వివరణ ఇవ్వడం మంచిదే. పోస్టరు చూసినవాళ్లందరికీ ఆ ఇంటర్వ్యూ చేరదన్నదీ నిజమే.

మాట్లాడినవి, మాట్లాడనివి

2019 సెప్టెంబరులో నల్లమలలో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా పవన్ కల్యాణ్, విజయ్ దేవరకొండ, సమంత, శేఖర్ కమ్ముల వంటివారు గొంతెత్తారు. తవ్వకాల ప్రతిపాదన తెలంగాణ వైపుదే అయినా, నల్లమల అంచున పాత ప్రకాశం జిల్లా ఎర్రగొండపాలెం, మార్కాపురం ప్రాంతాలున్నాయి. చెట్టు గురించి, అడవి గురించి మాట్లాడటం తారలకు సులువు. దానికి ఎదుటి పక్షంలో అభిమానులు ఉండరు.

అమరావతి అలా కాదు. గుంటూరు జిల్లాలో 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూమి సమీకరణలో ఇచ్చారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చినప్పుడు వారు ఆందోళనకు దిగారు. చిరంజీవి ఆ ప్రతిపాదనకు మద్దతు తెలిపారు, తమ్ముడు పవన్ కల్యాణ్ వ్యతిరేకించారు. పరిశ్రమలో చాలామంది నోరు విప్పలేదు. టికెట్ ధరలు, ప్రత్యేక ఆటల అనుమతులు ప్రభుత్వం చేతిలో ఉన్నప్పుడు ఆ మౌనానికి కారణం వెతకనక్కరలేదు. నమ్మి సినిమాలు చూసిన ఊళ్లు ఆ మౌనాన్ని గుర్తుపెట్టుకున్నాయి.

మిరప ధర గురించి తారలు అసలే మాట్లాడలేదు. 2017 వేసవిలో ధర కూలి రైతులు యార్డు రోడ్డెక్కారు. కేంద్రం క్వింటాకు 5,000 రూపాయల మార్కెట్ జోక్య పథకం ప్రకటించింది. 2025 ఫిబ్రవరిలో మళ్లీ అదే గతి. అంతకు రెండేళ్ల ముందు 20 వేలు దాటి పలికిన సరుకు సగానికి పడిపోయింది. కేంద్రం 11,781 రూపాయలు కనీస ధరగా 2.58 లక్షల టన్నులకు జోక్యం ప్రకటించింది. 2019లో 'మహర్షి' విడుదలయ్యాక వారాంతపు సేద్యం అంటూ నగరాల్లో హడావుడి సాగింది, చిత్ర బృందం రైతులతో ముచ్చటించింది. ఆ సినిమా ఉద్దేశం మంచిదే. యార్డులో ధర పడిన రోజు మాత్రం ఆ గొంతులు వినిపించలేదు. పిల్లల గుండెకు సాయం చేసినట్టే పంట ధరకు సాయం చేయడం ఎవరి చేతిలోనూ ఉండదు, ఒప్పుకోవాలి. అడగడం మాత్రం ఎవరి చేతిలోనైనా ఉంటుంది.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది

2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. తప్పుదారి పట్టించే ప్రకటన చేసిన తారకు మొదటిసారి 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల రూపాయల దాకా జరిమానా, ఏడాది నుంచి మూడేళ్ల వరకు ప్రకటనల నిషేధం విధించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఇచ్చింది. ముందుగా తగిన విచారణ చేసుకున్నానని తార చూపగలిగితే శిక్ష ఉండదు. 2022 జూన్ మార్గదర్శకాలు పరోక్ష ప్రకటనలను నిషేధించాయి. 2024 మే 7న సుప్రీంకోర్టు పతంజలి కేసులో, తారలు కూడా ప్రకటనకర్తలతో సమానంగా బాధ్యులేనని చెప్పింది.

చట్టం పుస్తకంలోంచి బయటికి వచ్చింది 2025 మార్చిలో. బెట్టింగ్ యాప్‌ల ప్రచారంపై హైదరాబాద్ మియాపూర్ పోలీసులు 25 మందిపై కేసు పెట్టారు. వారిలో రానా, విజయ్ దేవరకొండ, ప్రకాశ్ రాజ్, మంచు లక్ష్మి ఉన్నారు. తాము ప్రచారం చేసింది చట్టం అనుమతించిన నైపుణ్య ఆటలకేనని రానా, విజయ్ తరఫువారు చెప్పారు. ప్రకాశ్ రాజ్, 2016లో చేసిన ప్రకటన తప్పని గ్రహించి మరుసటి ఏడాదే తప్పుకున్నానన్నారు. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులోనే డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదించిన కేంద్ర చట్టం వాటికి ప్రచారం చేస్తే రెండేళ్ల జైలు, 50 లక్షల రూపాయల జరిమానా దాకా పెట్టింది. అదే ఏడాది సమంత, కెరీర్ తొలినాళ్లలో ఎన్ని బ్రాండ్లుంటే అంత విజయం అనుకున్నానని, ఇప్పుడు వైద్యులు చూసి సరేనన్న తర్వాతే ఒప్పుకుంటున్నానని చెప్పారు. ప్రతి తారా పాటించదగ్గ పద్ధతి అది.

విత్తనం విషయంలో రైతుకు ఉపయోగపడే తీర్పు ఇంకా పాతది. ఆంధ్రప్రదేశ్ రైతుల ఫిర్యాదులపై వచ్చిన జాతీయ విత్తన సంస్థ కేసులో 2012 జనవరిలో సుప్రీంకోర్టు, విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి వెళ్లే హక్కు ఉందని తేల్చింది. ప్రకటన చూసి ప్లాటు కొన్నా, కరపత్రం చూసి విత్తనం కొన్నా దారి ఒకటే. బిల్లు అడిగి తీసుకోండి. ఖాళీ సంచి, సీసా, లేబుల్, కరపత్రం పంట చేతికొచ్చేదాకా దాచండి. నష్టం జరిగితే చేను దున్నకముందే మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, తెలుగులోనూ మాట్లాడవచ్చు.